ఫీడర్ కేబుల్ లావు పెంచితే ఎర్త్ తీగ కూడా పెంచాలా? (గుణుపురం దగ్గర, 280 మీటర్లు)

గుణుపురం_మిల్లు:
అన్నలూ, ఈ ఒక్కటి తేల్చండి. మా సొంత ట్రాన్స్‌ఫార్మర్ నుంచి కొత్త హల్లర్ (వడ్లు ఆడే మిషను) షెడ్డు 280 మీటర్లు. లోడు 50 ఆంపియర్లు, బ్రేకర్ 63. మొదట 25 స్క్వేర్ ఎంఎం అల్యూమినియం కేబుల్ అనుకున్నాం. దారిలోనే 30 వోల్టులు పోతాయన్నారని 50 వేశాం. ఇప్పుడు కాంట్రాక్టరు ఎర్త్ కూడా లావు చేయమంటున్నాడు. బ్రేకర్ మారలేదు, మోటారు మారలేదు. వోల్టేజీ కోసం పెంచిన కేబుల్‌కీ ఎర్త్‌కీ ఏం సంబంధం? రూలు రెండు వేర్వేరు ఎర్త్‌లు అడుగుతుంది. 8 గేజ్ జీఐ తీగలు రెండు లాగించాను.

పర్లాకిమిడి_వైర్‌మన్:
చాలవు బాబూ. 280 మీటర్ల దూరానికి 8 గేజ్ తీగా?

బరంపురం_77:
కేబుల్‌కి ఆర్మర్ (పైన ఇనుప తొడుగు) ఉంది కదా, అదే ఎర్త్.

పర్లాకిమిడి_వైర్‌మన్:
కేబుల్ చివర ఆర్మర్‌ని పట్టి బాడీకి కలిపే గ్లాండు సరిగ్గా బిగించిన షెడ్డు ఒక్కటి చూపించండి, అప్పుడు ఆర్మర్ మాట మాట్లాడదాం.

రాయగడ_డిప్లొమా:
ఎర్తింగ్‌కి మన దేశపు ప్రమాణం ఐఎస్ 3043లో పట్టిక ఉంది. ఫేజ్ తీగ 16 స్క్వేర్ ఎంఎం వరకు ఎర్త్ కూడా అంతే, 16 నుంచి 35 వరకు 16, 35 దాటితే ఫేజ్‌లో సగం. ఇవి ఫేజ్ లోహంతోనే చేసిన ఎర్త్‌కి. మీకు 50 కాబట్టి 25 అల్యూమినియం చాలు.

గుణుపురం_మిల్లు:
రూలు రెండు ఎర్త్‌లు అంది. రెండూ ఉన్నాయి. దానికి జవాబు చెప్పండి.

పర్లాకిమిడి_వైర్‌మన్:
రెండు ఉండాలంది గానీ ఎంత సన్నమైనా పరవాలేదనలేదు. లెక్క చూడండి. 8 గేజ్ జీఐ తీగ 13 స్క్వేర్ ఎంఎం. ఇనుము కాబట్టి 280 మీటర్లకి దగ్గర దగ్గర 3 ఓంలు. రెండు కలిపితే ఒకటిన్నర. మీ 50 కేబుల్ ఫేజ్ 0.18. మోటారు బాడీకి ఫేజ్ తగిలితే 230ని ఈ రెండూ కలిసిన 1.68తో భాగించండి, 137 ఆంపియర్లు. సీ రకం 63 బ్రేకర్ వెంటనే పడుతుందని ఖాయంగా చెప్పాలంటే దానికి పది రెట్లు, 630 కావాలి. 137కి అది వేడెక్కి, తీరిగ్గా పడుతుంది. అంతసేపూ బాడీ మీద 200 వోల్టులు. ఒక తీగ జాయింటు తుప్పుపట్టి ఊడిందా, 72 ఆంపియర్లే. దానికి గంటైనా పడకపోవచ్చు.

రాయగడ_డిప్లొమా గారూ, మీ పట్టిక దూరం అడగదు. తీగ కాలిపోకుండా ఉంటుందా అన్నదే దాని లెక్క. 25 వేస్తే మొత్తం అర ఓం దాటుతుంది, 445 వస్తుంది. 50కి 50 వేసినా కాగితం మీద 638, అదీ ట్రాన్స్‌ఫార్మర్ ఇంపెడెన్స్ (దాని సొంత ఓంలు) కలపకుండా. అమెరికా కోడ్‌లో 250.122(బి) ఇందుకే ఉంది. వోల్టేజీ డ్రాప్ కోసం ఫేజ్ ఎంత పెంచావో ఎర్త్ కూడా అదే పాళ్లలో పెంచమంటుంది.

గుణుపురం_మిల్లు:
అమెరికా కోడ్ మనకెందుకు? షెడ్డు దగ్గరే ఎర్త్ పిట్ తవ్వి ఉప్పు, బొగ్గు పోస్తే పని అయిపోతుంది.

సిరొంచ_రైతు:
మా దిక్కు అందరు గట్లనే చేస్తరు అన్నా. పిట్టు ఒక్కటే.

రాయగడ_డిప్లొమా:
పిట్ 5 ఓంలు, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర 1 ఓం అనుకోండి. 38 ఆంపియర్లే వస్తాయి. 63 బ్రేకర్ పడదు, బాడీ మీద 190 వోల్టులు నిలబడతాయి. పిట్‌నే నమ్ముకుంటే ఎర్త్‌లోకి కొంచెం కరెంటు లీకైనా పడే ఎర్త్ లీకేజి బ్రేకర్ తప్పనిసరి.

గుణుపురం_మిల్లు:
అది వానాకాలమంతా ఊరికే పడిపోతుందని మావాళ్లే తీసేశారు. అసలు మీ వైర్‌మన్లంతా ఇంతే. పోయినేడు ఒకాయన మూడు పిట్‌లు తవ్వించి డబ్బు తీసుకెళ్లాడు. ఎండాకాలం కొలిపిస్తే మూడూ ఎందుకూ పనికిరావన్నారు. రాతినేలని ఆయనకి ముందే తెలుసు. ఇప్పుడు మీరొచ్చి పట్టీ అంటారు, రాగి అంటారు. ఖర్చు మాది, మాటలు మీవి.

పర్లాకిమిడి_వైర్‌మన్:
మాటలు కాదు బాబూ. రెండేళ్ల కిందట ఒక జీడిపప్పు షెడ్డుకి 8 గేజే చాలన్నాడు యజమాని. వద్దని చెప్పాను, వినలేదు. మోటారు బాడీకి కరెంటొచ్చింది, బ్రేకర్ పడలేదు. హెల్పర్ కుర్రాడు స్టార్టర్ పట్టుకున్నాడు. కర్రతో కొట్టి విడిపించారు. బతికాడు గానీ రెండు వేళ్లు వంగవు. తర్వాత పంచాయితీలో అడిగిందేమిటో తెలుసా? వైరింగ్ చేసిందెవరు అని. ఆ రోజు చెప్పిన మాట నేను కాగితం మీద రాయించుకోలేదు. అందుకే ఇప్పుడు మీ కాంట్రాక్టరు గట్టిగా అడుగుతున్నాడు. ఆయన అమ్ముకోవడానికి అడగటం లేదు.

సిరొంచ_రైతు:
గా పోరడు ఇప్పుడెట్లున్నడే?

పర్లాకిమిడి_వైర్‌మన్:
కిరాణా కొట్లో ఉన్నాడు.

రాయగడ_డిప్లొమా:
నేను పట్టిక పట్టుకుని వేలాడాను, దూరం చూడలేదు. 25×6 జీఐ పట్టీ అయితే 280 మీటర్లకి పావు ఓం చిల్లర. ఫేజ్‌తో కలిపి 0.44, 520 ఆంపియర్ల దాకా వస్తుంది. మాగ్నెటిక్ సెట్టింగ్ (ఎంత కరెంటుకి వెంటనే పడాలో ఆ హద్దు) తగ్గించుకునే ఎంసీసీబీ రకం బ్రేకర్ పెట్టండి. ట్రాన్స్‌ఫార్మర్‌తో సహా లూప్ (ఫేజ్‌లో వెళ్లి ఎర్త్‌లో తిరిగొచ్చే దారి మొత్తం ఓంలు) కొలిపించి, వచ్చే కరెంటుకి బాగా కిందికి సెట్ చేయించండి. పైన 300 మిల్లీ ఆంపియర్ల ఎర్త్ లీకేజి. ఊరికే పడుతుంటే తడి ఎక్కడుందో వెతికించండి, తీసేయకండి.

గుణుపురం_మిల్లు:
వైర్‌మన్ గారూ, నేనన్న మాట మీ గురించి కాదు. కందకం 120 మీటర్లు ఇంకా పూడ్చలేదు. మిగతాది మళ్లీ తవ్వాలి. పట్టీ జాయింట్లు బోల్టా, వెల్డింగా?

పర్లాకిమిడి_వైర్‌మన్:
వెల్డింగ్. పట్టీ వెడల్పుకి రెండింతలు ఒకదాని మీద ఒకటి పెట్టి నాలుగు వైపులా చేయించండి, పైన తారు పూయించండి. పూడ్చేముందు నాకు ఫోటో పెట్టండి.