రోబోటిక్స్, కంప్యూటర్ విజన్‌లో రీసెర్చ్ ఇంజనీరు: పీహెచ్‌డీ లేకుండా సాధ్యమేనా?

ప్రశ్న
కంప్యూటర్ విజన్‌లో మాస్టర్స్ చేసి, రెండేళ్లుగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉన్నాను. వస్తువులను గుర్తించే న్యూరల్ నెట్‌వర్కులకు శిక్షణ ఇవ్వడం బాగానే వచ్చు గానీ, నిజమైన రోబో మీద ఎన్నడూ పని చేయలేదు. పీహెచ్‌డీ లేకుండా ఈ రంగంలో రీసెర్చ్ ఇంజనీరు కావచ్చా? అయినా, ఇతరుల ఆలోచనలకు కోడ్ రాసిపెట్టడంతోనే ఆగిపోతామా? అనుభవజ్ఞులు వివరించగలరని మనవి.

జవాబు 1
కావచ్చు. నాకు పీహెచ్‌డీ లేదు, పదకొండేళ్లుగా ఇదే పనిలో ఉన్నాను. మీ రెండో ప్రశ్నకు ఒక అనుభవం చెబుతాను. మా రోబో నిలిచి ఉన్నప్పుడు వస్తువుల స్థానాన్ని సరిగ్గా చెప్పేది, తిరుగుతున్నప్పుడు మాత్రం తప్పేది. మూడు వారాలు నెట్‌వర్కునే అనుమానించాం. చివరకు చూస్తే, కెమెరా చిత్రాలపై నమోదయ్యే సమయం 50 మిల్లీసెకన్లు ఆలస్యంగా ఉంది. రోబో సెకనుకు 90 డిగ్రీల వేగంతో తిరుగుతుంటే ఆ ఆలస్యం 4.5 డిగ్రీల తప్పవుతుంది. 2 మీటర్ల దూరంలోని వస్తువు దాదాపు 16 సెంటీమీటర్లు పక్కకు జరిగినట్టు లెక్కకు వస్తుంది. తప్పు వ్యవస్థలోని ఏ భాగంలో పుట్టిందో ప్రయోగంతో తేల్చడమే మన వృత్తిలో అసలైన పరిశోధన అని నేను నమ్ముతాను, దానిని కోడ్ రాసిపెట్టడం అనలేం.

జవాబు 2
పై మాటతో ఏకీభవిస్తూ, జ్యామితిని నిర్లక్ష్యం చేయవద్దని కోరుతున్నాను. 2012లో అలెక్స్‌నెట్ అనే న్యూరల్ నెట్‌వర్కు వచ్చాక వస్తువులను గుర్తించే పద్ధతి మారిపోయింది గానీ, 1960 నాటి కాల్మన్ ఫిల్టర్ (తప్పులతో కూడిన కొలతల నుంచి స్థితిని అంచనా వేసే పద్ధతి), 1981 నాటి రాన్‌సాక్ (తప్పుడు కొలతలను ఏరివేసే పద్ధతి) నేటికీ రోబోలలో పని చేస్తూనే ఉన్నాయి. చవకైన కెమెరా ఒకటి తీసుకుని, ఝాంగ్ 2000లో ప్రచురించిన పద్ధతిలో చదరంగపు గళ్ల బోర్డుతో మీరే కాలిబ్రేట్ చేయండి, అంటే ఫోకల్ లెంగ్త్ వంటి దాని అంతర్గత కొలతలను లెక్కగట్టండి. బోర్డును ప్రతిసారీ కెమెరాకు సమాంతరంగానే పట్టుకుంటే మిగులు దోషం (లెక్క ప్రకారం గళ్ల మూలలు ఉండాల్సిన చోటికీ, చిత్రంలో కనిపించిన చోటికీ తేడా) చిన్నదిగానే కనిపించినా ఫోకల్ లెంగ్త్ తేలదు, ఎందుకంటే దగ్గరగా ఉన్న బోర్డుకూ, లెన్స్ పెద్దది చేసి చూపిన బోర్డుకూ చిత్రంలో తేడా ఉండదు. ఇది చేతితో చేసి చూసినవారికి, ఇంటర్వ్యూలో అడిగే ప్రశ్నల్లో సగం ముందే తెలిసినట్టు ఉంటాయి.

జవాబు 3
కోడ్ రాసిపెట్టడంతోనే ఆగిపోతామా అన్నది ఆ ప్రయోగశాలను బట్టి ఉంటుంది. నేను మొదట చేరిన చోట ఏడాదంతా సందర్శకులకు చూపే ప్రదర్శనలు సిద్ధం చేయడంతోనే గడిచింది, ఆ నష్టం నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. చేరకముందే, పరిశోధన పత్రాలలో ఇంజనీర్ల పేర్లు ఉంటాయా, వారానికి ఎన్ని గంటలు రోబో మీ చేతికి ఇస్తారు అన్న రెండూ అడగండి.

ప్రశ్న వేసినవారు
అందరికీ కృతజ్ఞతలు. కాలిబ్రేషన్‌కు చిత్రాలు ఎన్ని అవసరం?

జవాబు 2
ఇరవై వరకు తీయండి. బోర్డును వేర్వేరు కోణాల్లో వంచి, చిత్రం అంచుల దాకా తీసుకెళ్లండి. అయిదింటిని లెక్కలో చేర్చకుండా పక్కన పెట్టి, వాటి మీద దోషం ఎంతో చూడండి.