కొలనూలు కాపాడడానికా, కూల్చడానికా?

ప్రశ్న: దేవరకొండ వైపు సంఘ సభ్యుడు

అందరికీ ప్రభువు నామమున వందనాలు. మా సంఘంలో బుధవారం రాత్రి జరిగే వాక్యధ్యానంలో ఇప్పుడు జెకర్యా గ్రంథం నడుస్తున్నది. రెండవ అధ్యాయం మీద మాట్లాడే బాధ్యత ఈసారి నాకు వచ్చింది. అందులో ఒక మనుష్యుడు కొలనూలు, అంటే కొలిచే తాడు, చేతబట్టుకొని యెరూషలేము వెడల్పెంతో పొడవెంతో చూడడానికి బయలుదేరుతాడు. అతడింకా నూలు పరచిన మాటే లేదు, అంతలోనే ఆ యౌవనుని దగ్గరికి పరుగెత్తి చెప్పుమని ఒక దూత మరొక దూతను తొందరపెడతాడు. ఆ పట్టణంలో మనుషులూ పశువులూ విస్తారమై అది ప్రాకారాలు లేని ఊళ్లలాగా ఉంటుందన్నది ఆ కబురు. యెహెజ్కేలు గ్రంథంలో చూస్తే గోడ, గుమ్మం, గది ఏదీ వదలకుండా కొలుస్తూ పోతారు. ప్రకటన గ్రంథం 11లో యోహానుకు కొలకర్ర ఇచ్చి ఆలయాన్ని కొలవమంటారు, వెలుపలి ఆవరణాన్ని మాత్రం కొలవవద్దంటారు.

కొలవడమంటే దేవుడు తనదిగా ఎంచి కాపాడడమేనని మా పెద్దలు చెబుతారు. అయితే 2 రాజులు 21:13లో నాశనమైన షోమ్రోనును కొలిచిన నూలునే యెరూషలేము మీద చాపుతానన్న మాట ఉంది. విలాపవాక్యములు 2:8లో సీయోను ప్రాకారాన్ని పాడుచేయడానికే ఆయన నూలు చాచాడు. మా వైపు కాలువ కోసం సర్వే వాళ్లు వచ్చి పొలంలో ఎర్రరంగు పూసిన రాళ్లు పాతినప్పుడూ, అన్నదమ్ముల పంపకానికి గొలుసు లాగి ఎవరి గుంటలు వారికి తేల్చినప్పుడూ చూసేవారికి జరిగే పని ఒకటే. ఒకదానితో భూమి పోతుంది, ఇంకొకదానితో పట్టా పేరు మీదికి వస్తుంది. లేఖనాల్లో ఏ కొలత ఏ రకానిదో గుర్తుపట్టేది ఎట్లా?

జవాబు 1: వనపర్తి, సండే స్కూల్ ఉపాధ్యాయురాలు

వందనాలు అన్నా. గట్టు మీద నిలబడి చూసేవారికి గొలుసు ఏమీ చెప్పదు. పంపినవారెవరు, ఏ కాగితం మీద వచ్చారు అని అడగాలి. ప్రవక్తల దగ్గర కూడా నూలుకు దానంతట అది మంచి గానీ చెడు గానీ లేదని నేననుకొంటున్నాను. ఇంతవరకు ఒకరిది, ఇక్కడి నుంచి మరొకరిది అని తేల్చడమే దాని పని. 2 సమూయేలు 8:2 చూడండి. దావీదు మోయాబీయులను నేల మీద పడుకోబెట్టి నూలుతో కొలిచి రెండు కొలతల వారిని చంపించాడు, ఒక నిండు కొలత వారిని బ్రతకనిచ్చాడు. చదవడానికే కష్టమైన వాక్యం అది, కానీ కాపాడినదీ చంపినదీ ఒకే నూలు అన్న సంగతి అంత సూటిగా మరెక్కడా కనబడదు.

ఆమోసు 7వ అధ్యాయాన్ని కూడా మీ ధ్యానంలో చేర్చుకోండి. మిడతల దర్శనం, అగ్ని దర్శనం చూసినప్పుడు ఆమోసు బ్రతిమాలాడు, దేవుడు రెండుసార్లూ వెనక్కి తగ్గాడు. మూడవది మట్టపుగుండు దర్శనం. అక్కడ ఆమోసు బ్రతిమాలలేదు. గోడ లేస్తున్నప్పుడు మేస్త్రీ వరస వరసకూ గుండు వదులుతాడు, దారం ఊగడం ఆగేదాకా ఊపిరి బిగబట్టి చూస్తాడు, గుండు అంచు గోడను తాకీ తాకనట్టు నిలిస్తేనే తరువాతి ఇటుక పెడతాడు. ఆమోసు చూసింది అలా గుండు పెట్టి నిటారుగా కట్టిన గోడ, దాని దగ్గర గుండు చేతబట్టుకొని నిలిచిన ప్రభువు. ఏ కొలతతో కట్టాడో ఆ కొలతతోనే ఇప్పుడు పరీక్షిస్తున్నాడు గనుక, కొత్త నియమం పెట్టి శిక్షిస్తున్నాడని ఇశ్రాయేలు ఫిర్యాదు చేయడానికి వీలులేదు. యెషయా 28:17లో న్యాయమే కొలనూలు, నీతే మట్టపుగుండు అని తేటగా ఉంది. ఆ అధ్యాయం చివరలో బేతేలు యాజకుడైన అమజ్యాతో ఆమోసు చెప్పిన తీర్పులో మళ్లీ నూలు వస్తుంది: అతని భూమిని నూలుతో కొలిచి ఇతరులు పంచుకొంటారు. మన జిల్లాల్లో ఆ మాట బరువు ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు.

జవాబు 2: నల్లగొండ, పాస్టర్

సహోదరి చెప్పినదానికి యెహెజ్కేలు గురించి కొంత కలుపుతాను, ఎందుకంటే 40 నుంచి 48 వరకు అధ్యాయాలను మన సంఘాల్లో సాధారణంగా దాటవేస్తాము. ఆ దర్శనం యూదులు బబులోను చెరలోకి పోయిన 25వ సంవత్సరంలో, యెరూషలేము పట్టణం కూలిన 14వ సంవత్సరంలో, అంటే సుమారు క్రీ.పూ. 573లో వచ్చింది. అప్పటికి కొలవడానికి ఆలయమే లేదు. సొలొమోను కట్టించినది బూడిదైపోయింది, ప్రవక్త బబులోను దేశంలో ఉన్నాడు. ఇత్తడిలాగా మెరిసే ఒక మనుష్యుడు దారము, ఆరు మూరల కొలకర్ర పట్టుకొని గుమ్మంలో నిలబడి ఉంటాడు. ఆ మూర మామూలు మూర కంటే బెత్తెడు ఎక్కువ.

ఆ అధ్యాయాలు పెన్సిలుతో గీసుకొంటూ చదివేవారికి ఒక సంగతి తగులుతుంది. పొడవులు, వెడల్పులు పుష్కలంగా ఉంటాయి, ఎత్తులు మాత్రం చాలా అరుదు. వెలుపలి గోడ ఒక కర్ర మందం, ఒక కర్ర ఎత్తు అని మొదట్లోనే చెబుతారు. ఆ తరువాత ముఖ్యమైన గదుల పైకప్పు ఎంత ఎత్తున ఉందో కూడా చెప్పరు. ఇల్లు కట్టించేవాడు అట్లాంటి నక్షాతో పని మొదలుపెట్టలేడు. నిర్గమకాండములో మోషేకు వినిపించినట్లు ‘నాకు పరిశుద్ధస్థలము కట్టుడి’ అన్న ఆజ్ఞ కూడా ఇక్కడ లేదు. నేల మీద ఎవరు ఎంతవరకు రావచ్చు అన్నదే ఆ దర్శనానికి ముఖ్యం. 42:20 ఆ గోడ పరిశుద్ధ స్థలాన్ని, సామాన్య స్థలాన్ని వేరుచేయడానికే ఉందంటుంది. అతి పరిశుద్ధ స్థలం దగ్గరికి వచ్చేసరికి కొలిచే మనుష్యుడు తానొక్కడే లోపలికి వెళ్లి 20 మూరలు, 20 మూరలు అని కొలిచి చెబుతాడు. యాజకుడైన యెహెజ్కేలును కూడా వెంట రమ్మనలేదు.

ఇంత పట్టుదల ఎందుకో 43:8 చెబుతుంది. రాజులు తమ గడపను దేవుని గడప పక్కనే పెట్టుకొన్నారు, మధ్యలో ఒక్క గోడ మాత్రమే ఉండింది, ఆ గోడ అవతల నుంచే ఆయన నామానికి అపవిత్రత వచ్చింది. హద్దు జరిపినది అధికారంలో ఉన్నవారే. అందుకే 43:10లో ఇశ్రాయేలీయులు సిగ్గుపడేటట్లు ఆలయాన్ని వారికి వివరించి, దాని కొలతలు వారి చేతనే తీయించమన్నాడు. కొలత విని మనిషి సిగ్గుపడాలన్న మాట నన్ను ఎప్పుడూ ఆపేస్తుంది. తాము ఎంత ఆక్రమించుకొన్నారో అసలు హద్దు చూసినప్పుడే గదా బయటపడేది.

ఆ మీదట కొలత గుడి దాటి ఊరి మీదికి వస్తుంది. 45వ అధ్యాయంలో అధిపతులు బలాత్కారం మానుకోవాలనీ, ప్రజల భూమి లాక్కోవద్దనీ, ధాన్యం కొలిచే ఏఫా, నూనె కొలిచే బత్తు సరిగ్గా ఉండాలనీ వరుసగా చెప్పి, 46:18లో అధిపతి తన కుమారులకు ఇవ్వదలిస్తే తన సొంత భూమిలో నుంచే ఇవ్వాలని తేల్చేస్తాడు. ఆలయపు హద్దుకూ అంగట్లోని కొలపాత్రకూ లెక్క ఒక్కటే అన్నమాట. ఈ అధ్యాయాలను ఉత్త నక్షాగా తీసిపారేసేవారు ఈ రెండు అధ్యాయాలు చదవకుండానే మాట్లాడుతున్నారని నా అభిప్రాయం.

ఇక 47లో గుడి గడప కింద నుంచి పారే నీటిని అదే మనుష్యుడు వెయ్యేసి మూరల చొప్పున నాలుగుసార్లు కొలుస్తాడు: చీలమండలు, మోకాళ్లు, నడుము, ఆ తరువాత ఈదితే తప్ప దాటలేని నది. అక్కడితో నీటి కొలత ఆగిపోతుంది.

ప్రశ్న అడిగినవారు

అయ్యగారికీ అక్కకూ చాలా కృతజ్ఞతలు. నీటి కొలత ఆగిపోవడం, జెకర్యాలో నూలు ఆగిపోవడం ఒకటేనా? అట్లా అయితే ప్రకటన 11లో వెలుపలి ఆవరణాన్ని కొలవకపోవడం కూడా మేలు కోసమే అనవలసి వస్తుంది గదా? అక్కడ అది అన్యజనులకు ఇవ్వబడిందనీ, వారు 42 నెలలు త్రొక్కుతారనీ రాసి ఉంది.

జవాబు 3: మహబూబ్‌నగర్, పాఠకుడు

ప్రకటన 11లోనిది వాటితో ఒకటి కాదు. కొలవకుండా వదలడానికీ కొలతకు అందకుండా పోవడానికీ తేడా ఉంది. ప్రకటన 11లో వదిలేయమన్నది ఆజ్ఞ. అక్కడ కొలత గీతకు లోపల ఉన్నవి ఆలయం, బలిపీఠం, అందులో పూజించేవారు. మనుషులను కూడా లెక్కలోకి తీసుకోమన్నాడు గనుక, 7వ అధ్యాయంలో నొసళ్ల మీద వేసిన ముద్రకు ఇది దగ్గరి చుట్టం.

అయితే కొలవడమంటే కాపాడడమే అన్న మీ పెద్దల మాటను ఇక్కడ కొంచెం సరిచూసుకోవాలి. అదే అధ్యాయం 7, 8 వచనాల్లో దేవుని పక్షాన ప్రవచించే ఇద్దరు సాక్షులు చంపబడతారు, వారి శవాలు వీధిలో పడి ఉంటాయి. కొలతలో ఉన్నవారికి దెబ్బ తగలదన్న హామీ ఎక్కడా కనబడదు; వారు ఎవరి సొత్తో ఆ దెబ్బతో మారిపోదన్నంతవరకే అక్కడ ఉంది. ప్రకటన గ్రంథం క్రీ.శ. 95 ప్రాంతంలో, రోమా చక్రవర్తి దొమితియన్ కాలంలో రాయబడిందని చాలామంది పండితులు అంటారు. ఆ లెక్కన రోమీయులు యెరూషలేము ఆలయాన్ని 70లోనే కూల్చేశారు గనుక, యోహాను కొలవవలసింది రాతి ఆలయం కాదు, సంఘం. ఆ గ్రంథం 70కి ముందే వచ్చిందనేవారు కూడా ఉన్నారు. వారు ఆ ఆవరణాన్ని నిజమైన ఆవరణంగానే చదువుతారు. నాకు మొదటిదే సబబుగా తోస్తుంది.

21వ అధ్యాయం చేరేసరికి కర్ర బంగారుదవుతుంది, కొలిచేవాడు దూత అవుతాడు, బయట వదిలేసిన ఆవరణం ఊసే ఉండదు. గుమ్మాలు మూయబడవు, జనములు ఆ పట్టణపు వెలుగులో నడుస్తారు. 11లో త్రొక్కడానికి వచ్చిన జనములే 21లో తమ ఘనతను తీసుకొని లోపలికి వస్తారు.

జవాబు 4: వనపర్తి, సండే స్కూల్ ఉపాధ్యాయురాలు

జెకర్యా సంగతి చెబుతాను. ఆ దర్శనం పారసీక రాజు దర్యావేషు రెండవ సంవత్సరం పదకొండవ నెలలో, అంటే క్రీ.పూ. 519 మొదట్లో వచ్చింది. గుడి పునాది మీద పని మళ్లీ మొదలైంది గానీ ఊరిలో జనం కొద్దిమందే. మొదటి అధ్యాయం 16వ వచనంలో యెరూషలేము మీద నూలు చాపబడుతుందని దేవుడే చెప్పాడు గనుక, రెండవ అధ్యాయంలో ఆ యౌవనుడు నూలు పట్టుకోవడం తప్పు అనలేము. పాత ప్రాకారం ఎంతవరకు ఉండేదో అంతవరకే కొలిచి మళ్లీ గోడ లేపుదామన్న అంచనా దగ్గరే దూత అడ్డుపడ్డాడు. గోడ కావాలన్న భయానికి జవాబు ఆ వెంటనే ఉంది: చుట్టూ అగ్ని ప్రాకారంగా తానే ఉంటానని యెహోవా అన్నాడు. మరి క్రీ.పూ. 445లో నెహెమ్యా వచ్చి 52 దినాల్లో గోడ కట్టాడు గదా అని ఎవరైనా తప్పకుండా అడుగుతారు, సిద్ధపడి వెళ్లండి. కట్టవద్దని జెకర్యా అనలేదు. ఆ గోడ ఎంతవరకు వస్తుందో ఊరు కూడా అంతవరకేనని అనుకోవద్దన్నాడని చెప్పవచ్చు.

జవాబు 5: మహబూబ్‌నగర్, పాఠకుడు

ఇంకొక్క మాట. ఈ అంకెలను హెచ్చించి, భాగించి, ఫలానా సంవత్సరం అని తేల్చేవారు మీ కూడికలో కూడా ఉండవచ్చు. వారిని ప్రకటన 21లోని రెండు కొలతలను పక్కపక్కన పెట్టి చూడమనండి. పట్టణం పొడవు, వెడల్పు, ఎత్తు సమానంగా 12,000 స్తాదియాలు, అంటే దాదాపు 2,200 కిలోమీటర్లు. గోడ 144 మూరలు, మామూలు మూరతో లెక్క వేస్తే సుమారు 65 మీటర్లు. అది ఎత్తో మందమో వచనంలో లేదు. ఏదైనా ఆ పట్టణానికి కాపలాగా సరిపోయే గోడ కాదు. పన్నెండును పన్నెండుతో హెచ్చిస్తే 144, వెయ్యితో హెచ్చిస్తే 12,000. పన్నెండు గోత్రాల పేర్లు గుమ్మాల మీద, పన్నెండుమంది అపొస్తలుల పేర్లు పునాదుల మీద ఉన్నాయని ఆ అధ్యాయమే చెప్పింది. మూడు వైపులా సమానమైన గది ఇశ్రాయేలు ఆలయంలో ఒక్కటే ఉండేది. 1 రాజులు 6:20 ప్రకారం సొలొమోను కట్టించిన గర్భాలయం 20 మూరల పొడవు, 20 మూరల వెడల్పు, 20 మూరల ఎత్తు. యెహెజ్కేలును కూడా పిలవని ఆ గది ఇక్కడ పట్టణమంత అయింది గనుకనే యోహానుకు అందులో వేరే ఆలయం కనబడలేదు.