ఉబుంటు 24.04: ఎన్విడియా డ్రైవర్ ఎక్కింది అంటోంది, కానీ కార్డు పలకట్లేదు, బయటి మానిటర్ కూడా రావట్లేదు

గుంటూరు_రెండర్:
అందరికీ నమస్కారం అండి. మూడ్రోజుల్నుంచి దీంతోనే కుస్తీ పడుతున్నా, ఇంక నావల్ల కాక అడుగుతున్నా. లాప్‌టాప్‌లో ఇంటెల్ గ్రాఫిక్స్‌తో పాటు జీటీఎక్స్ 1650 ఉంది, విండోస్ పక్కనే ఉబుంటు వేసుకున్నా. నాకు కావాల్సింది బ్లెండర్‌లో రెండరింగ్, ఉబుంటుతో వచ్చే నూవో డ్రైవర్ ఉంటే సైకిల్స్‌లో (బ్లెండర్ రెండర్ ఇంజిన్) అసలు కార్డే చూపించట్లేదు. సరే అని ఎన్విడియా సైట్లోంచి డాట్ రన్ ఫైల్ దించి వేశా, రీస్టార్ట్ చేస్తే మొత్తం నల్ల స్క్రీన్, పైన మూల చిన్న గీత కొట్టుకుంటా ఉంది అంతే. గ్రబ్‌లో (బూట్ మెనూ) నోమోడ్‌సెట్ అనే ఆప్షన్ పెట్టి ఎలాగో లోపలికొచ్చి, అదే ఫైల్‌ని అన్‌ఇన్‌స్టాల్ ఆప్షన్‌తో నడిపి తీసేశా. తర్వాత టెర్మినల్లో ఉబుంటు ప్యాకేజీ టూల్ ఏపీటీతో ఎన్విడియా-డ్రైవర్-535 వేస్తే ఒక్క ఎర్రర్ కూడా రాలేదు, డెస్క్‌టాప్ మామూలుగానే వస్తోంది, కానీ హెచ్‌డీఎంఐ పెడితే మానిటర్ మీద నో సిగ్నల్, కార్డు స్థితి చూపించే ఎన్విడియా-ఎస్ఎంఐ కొడితే డ్రైవర్‌తో మాట్లాడలేకపోయా అంటోంది. రెండుసార్లు తీసేసి మళ్ళీ వేశా, అదే తంతు. వచ్చే సోమవారం ప్రాజెక్టు ఇవ్వాలి. ఫార్మాట్ కొట్టేయమంటారా?

పాతకెర్నల్:
ఫార్మాట్ వద్దు తమ్ముడూ, ఆగు. డెస్క్‌టాప్ వస్తోంది అంటే అది ఇంటెల్ మీద నడుస్తోంది, చాలా లాప్‌టాప్‌లలో హెచ్‌డీఎంఐ వైరు ఎన్విడియా కార్డుకే పోతుంది కాబట్టి అది లేవకపోతే మానిటర్ రాదు. నీకున్నవి రెండు సమస్యలు కాదు, ఒకటే. టెర్మినల్లో మూడు కొట్టి ఏమొచ్చిందో ఇక్కడ పెట్టు: సుడో మోడ్‌ప్రోబ్ ఎన్విడియా (డ్రైవర్ మాడ్యూల్‌ని కెర్నల్లోకి, అంటే సిస్టమ్ గుండెకాయలోకి ఎక్కించేది), డీకేఎంఎస్ స్టేటస్ (కెర్నల్‌కి తగ్గట్టు ఆ మాడ్యూల్ కట్టే టూల్ ఏం చేసిందో చెప్పేది), మోక్‌యుటిల్ డాష్ డాష్ ఎస్‌బీ డాష్ స్టేట్ (సంతకం ఉన్న కోడ్‌నే నడవనిచ్చే సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉందో లేదో చెప్పేది).

హైద్_గేమర్:
బ్రో ఇంత కథ ఎందుకు, బయోస్‌లోకి పోయి సెక్యూర్ బూట్ ఆఫ్ చేసెయ్, అయిపోద్ది. నాది అట్లనే సెట్ అయింది.

గుంటూరు_రెండర్:
అన్నా ఇవిగో. డీకేఎంఎస్‌లో ఎన్విడియా 535 ఇన్‌స్టాల్డ్ అనే ఉంది. సెక్యూర్ బూట్ ఎనేబుల్డ్ అని వచ్చింది. మోడ్‌ప్రోబ్ మాత్రం "కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్" అంది. ఇంకోటి చెప్పడం మర్చిపోయా, డ్రైవర్ వేసేటప్పుడు మధ్యలో ఊదా రంగు తెర వచ్చి ఏదో పాస్‌వర్డ్ పెట్టుకోమంది, పెట్టా. రీస్టార్ట్ చేశాక నీలం రంగు స్క్రీన్ ఒకటి వచ్చింది, ఏదో పాడైపోయిందని భయపడి ఎంటర్ కొట్టేశా, మామూలుగా బూట్ అయింది. రెండోసారి నేను టీ తెచ్చుకునేలోపే అదే పోయింది.

పాతకెర్నల్:
అదీ సంగతి. డ్రైవర్‌లో తప్పేం లేదు, నీ కెర్నల్‌కి సరిపడా చక్కగా తయారైంది కూడా. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే సంతకం లేని మాడ్యూల్‌ని కెర్నల్ లోపలికి రానివ్వదు. డీకేఎంఎస్ మీ మిషన్లోనే మాడ్యూల్ కట్టి, అక్కడే తయారైన తాళంచెవితో సంతకం పెడుతుంది, కానీ ఆ తాళంచెవి నీదేనని నువ్వు మిషన్ ముందు కూర్చుని ఒప్పుకోవాలి, దాన్నే మోక్ అంటారు, మెషీన్ ఓనర్ కీ. ఆ ఒప్పుకునే చోటే ఆ నీలం స్క్రీన్. పది సెకన్లలో ఏ కీ నొక్కకపోతే దానంతట అదే వెళ్ళిపోతుంది, ఎంటర్ కొడితే మొదటి లైను కంటిన్యూ బూట్ కాబట్టి అలాగే దాటిపోతుంది. చాలామంది ఇక్కడే జారతారు.

ఇప్పుడు ఇలా చెయ్. సుడో మోక్‌యుటిల్ డాష్ డాష్ ఇంపోర్ట్ అని కొట్టి, దాని పక్కన వార్ డైరెక్టరీలో లిబ్, అందులో షిమ్-సైన్డ్, అందులో మోక్ ఫోల్డర్లో ఉన్న మోక్ డాట్ డెర్ ఫైల్ దారి ఇవ్వు. పాస్‌వర్డ్ అడుగుతుంది, అంకెలూ చిన్న అక్షరాలే పెట్టు, ఎందుకంటే ఆ నీలం స్క్రీన్ దగ్గర కీబోర్డు అమెరికన్ లేఅవుట్‌లోనే ఉంటుంది, గుర్తులు వేరే చోట పడతాయి. కాగితం మీద రాసుకో. రీస్టార్ట్ చేసి కదలకుండా కూర్చో. నీలం స్క్రీన్ రాగానే ఏదో ఒక కీ నొక్కు, కింది బాణంతో ఎన్‌రోల్ మోక్ దగ్గరికి రా, తర్వాత కంటిన్యూ, తర్వాత ఎన్‌రోల్ చెయ్యాలా అంటుంది, అక్కడ నో మీద ఉంటుంది, యెస్‌కి మార్చు. పాస్‌వర్డ్ కొడుతుంటే తెర మీద చుక్కలు కూడా కనబడవు, కంగారుపడకు, కొట్టి ఎంటర్ చెయ్. చివర్లో రీబూట్.

సెక్యూర్ బూట్ ఆఫ్ చెయ్యడం కూడా పనిచేస్తుంది, కాదనను, కానీ నీకు పక్కన విండోస్ ఉంది కదా, ఆఫ్ చేస్తే అది గొడవ చేయొచ్చు, అందుకే నేను ముందు ఇదే చెబుతా.

నెల్లూరు_సిస్‌అడ్మిన్:
దీనికి ఒక మాట కలుపుతానండి. విండోస్‌లో డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉందేమో ముందు చూసుకోండి. మా ఆఫీసులో ఒకావిడ లాప్‌టాప్‌కి సెక్యూర్ బూట్ ఆఫ్ చేయగానే విండోస్ 48 అంకెల రికవరీ కీ అడిగింది, అది ఎక్కడ దాచారో ఆవిడకి గుర్తులేదు, సాయంత్రం దాకా వెతికాం, దొరికింది గానీ ఆ రోజంతా పోయింది. ఏ పద్ధతిలో వెళ్ళినా ముందు ఆ కీ ఫోన్లోనో పుస్తకంలోనో రాసి పెట్టుకోండి.

అసలు మోక్ గొడవే వద్దనుకుంటే ఉబుంటు తయారుచేసే కెనానికల్ వాళ్ళే సంతకం పెట్టి ఇచ్చే రెడీమేడ్ మాడ్యూళ్ళు ఉన్నాయి, లినక్స్-మాడ్యూల్స్-ఎన్విడియా అని మొదలయ్యే ప్యాకేజీలు, మీ కెర్నల్‌కి సరిపోయేది చూసి వేసుకుంటే చాలు.

గుంటూరు_రెండర్:
అన్నా వచ్చేసింది!! బిట్‌లాకర్ కీ ముందు రాసుకున్నా, తర్వాత మీరు చెప్పినట్టే చేశా. ఈసారి కుర్చీలోంచి లేవలేదు, పాస్‌వర్డ్ ఒకసారి తప్పు పడింది, మళ్ళీ కొడితే తీసుకుంది. లాగిన్ అయ్యాక ఎన్విడియా-ఎస్ఎంఐ కొడితే పట్టిక వచ్చింది, అందులో జీటీఎక్స్ 1650 పేరు, పక్కన టెంపరేచర్ 44 అని చూడగానే మా అమ్మని పిలిచి మరీ చూపించా. హెచ్‌డీఎంఐ పెట్టగానే మానిటర్ వెలిగింది. బ్లెండర్లో సీయూడీఏ (ఎన్విడియా కార్డుతో లెక్కలు చేయించే పద్ధతి) ఆప్షన్ కింద కార్డు కనబడుతోంది, రెండర్ పెట్టేశా. ఒక్క డౌటు, రేపు కెర్నల్ అప్‌డేట్ వస్తే మళ్ళీ ఈ తంతు అంతా చెయ్యాలా?

పాతకెర్నల్:
అక్కర్లేదు. కొత్త కెర్నల్ రాగానే డీకేఎంఎస్ మళ్ళీ కట్టి అదే తాళంచెవితో సంతకం పెడుతుంది, అది ఇప్పటికే ఒప్పుకుంది. కాకపోతే ఆ కెర్నల్ హెడర్స్, అంటే మాడ్యూల్ కట్టడానికి కావాల్సిన ఫైళ్ళు, ఉండాలి, లినక్స్-హెడర్స్-జెనరిక్ ఉందో లేదో చూసుకో, లేకపోతే ఆ పూట మళ్ళీ మానిటర్ రాదు. నీ కెర్నల్ ప్యాకేజీ పేరులో హెచ్‌డబ్ల్యూఈ (కొత్త హార్డ్‌వేర్ కోసం ఇచ్చే కెర్నల్) అని ఉంటే హెడర్స్ కూడా ఆ పేరున్నవే కావాలి. సోమవారం ప్రాజెక్టు అయ్యేదాకా మాత్రం అప్‌డేట్లు కొట్టకు.