ప్రాగ్‌లో 4 రాత్రులు, అత్తయ్యగారితో: ఏ పాస్, చుట్టుపక్కల ఏ ఊళ్ళు?

మల్లెపందిరి
అందరికీ నమస్కారం. అక్టోబరు మొదటి వారంలో ప్రాగ్ వెళ్తున్నాం, 4 రాత్రులు. నేను, మావారు, అత్తయ్యగారు. ఆవిడకి 64, మోకాళ్ళ నొప్పులు, పూర్తి శాకాహారం. ఉల్లి, వెల్లుల్లి తింటారు, అదొక్కటే అదృష్టం. వీసా వచ్చేసింది, సింగిల్ ఎంట్రీ. హోటల్ ఇ.పి. పావ్లోవా మెట్రో స్టేషన్ పక్కన. రోజూ 24 గంటల పాస్ కొనాలా, 72 గంటలది ఒకటి కొని మిగతాది విడిగా చూసుకోవాలా? ఇంకోటి, కుత్నా హోరా, కార్ల్‌స్టైన్ కోట, చెస్కీ క్రుమ్లోవ్, జర్మనీలోని డ్రెస్డెన్, వీటిలో ఏవైనా రెండు చెప్పండి. మావారు నాలుగూ చూసేద్దాం అంటున్నారు. ఫోన్‌లో మ్యాప్ చిన్నది చేసి చూస్తే ఆయనకి అన్నీ పక్క వీధిలో ఉన్నట్టే కనిపిస్తాయి.

ప్రపంచయాత్రికుడు_62
అమ్మా, 34 దేశాలు తిరిగిన అనుభవంతో చెప్తున్నా. ప్రాగ్‌కి ఒక్క రోజు ఎక్కువ. గడియారం, వంతెన, కోట, అయిపోయింది. మిగతా మూడు రోజులు వియన్నా, బుడాపెస్ట్ పెట్టుకోండి. మేము 11 రోజుల్లో 7 దేశాలు చూశాం. ఇక టికెట్ల గురించి అంత టెన్షన్ అనవసరం, నేనున్నన్నాళ్ళూ నా టికెట్ ఒక్కడూ అడగలేదు.

కాకినాడ_కాజా
మిమ్మల్ని అడగలేదు సార్, నన్ను అడిగారు. మెట్రో మెట్ల దగ్గర పసుపు డబ్బా ఉంటుంది, టికెట్ అందులో పెడితే తేదీ, టైమ్ పడుతుంది. ఆ సంగతి నాకు తెలుసు, అదే నా ఖర్మ. తెలుసు కాబట్టి మెట్రో దిగి ట్రామ్ ఎక్కినప్పుడు మళ్ళీ ఒకసారి కొట్టాను, భద్రంగా ఉంటుందని. రెండు స్టాపుల తర్వాత మామూలు చొక్కాలో ఉన్నాయన జేబులోంచి బిళ్ళ తీసి చూపించాడు. టికెట్ చూశాడు, నా మొహం చూశాడు, రెండు ముద్రలున్న టికెట్ చెల్లదట. జరిమానా అక్కడికక్కడే. మా ఆవిడ "కొనకుండా ఎక్కినా ఇంతేగా అయ్యేది" అని ఇప్పటికీ పెళ్ళిళ్ళలో అందరికీ చెప్తుంది.

ఓరుగల్లు_పోరడు
అన్నా రెండు సార్లు కొట్టుడేంది 😂 మన ఆర్టీసీ బస్సుల కండక్టర్ కూడా ఒక్కసారే కదా టికెట్ కొట్టేది

ప్రపంచయాత్రికుడు_62
కాజా గారూ, మీరు ఏదో పొరపాటు చేసి ఉంటారు. యూరప్ అంతటా ఎక్కిన ప్రతిసారీ కొట్టాలి. నేను ఇటలీలో అలాగే చేశాను.

వల్తవా_గట్టు
ఆరేళ్ళుగా ప్రాగ్‌లో ఉంటున్నాను, కాస్త ఆగండి. ఒక్కసారే కొట్టాలి, మొదటిసారి ఎక్కేటప్పుడు. ఆ క్షణం నుంచి లెక్క మొదలు. 72 గంటల పాసైనా అంతే, 90 నిమిషాల టికెట్ అయినా అంతే. రెండోసారి కొడితే కాజా గారి గతే. ట్రామ్ లోపల కార్డు తాకిస్తే వచ్చే టికెట్‌ని అసలు కొట్టక్కర్లేదు, దాని మీద టైమ్ పడే వస్తుంది. ఫోన్ యాప్‌లో కొంటే వెంటనే చెల్లదు, ఒకటి రెండు నిమిషాలు ఆగాలి. టికెట్ చూసేవాళ్ళు కనిపించాక కొనేవాళ్ళ కోసమే ఆ ఏర్పాటు.
హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్ళు ఎక్కువగా బోల్తా పడేది ఎక్కడంటే, మన మెట్రోలో గేటు ఉంటుంది, అది తెరుచుకోకపోతే లోపలికి పోలేం. ఇక్కడ గేటే లేదు. చేతిలో టికెట్ ఉంది, ఎవరూ ఆపలేదు కదా అని నేరుగా ఎస్కలేటర్ ఎక్కేస్తారు. పసుపు డబ్బా పైనే ఉండిపోతుంది. కింద ప్లాట్‌ఫామ్ మీద ఇద్దరు నిలబడి ఉంటారు.

ప్రపంచయాత్రికుడు_62
నేను చెప్పింది ఇటలీ గురించి.

కాకినాడ_కాజా
సార్, ఆవిడ వెళ్ళేది ప్రాగ్. మీరు 7 దేశాలు 11 రోజుల్లో చూస్తే ఏది ఎక్కడో కలిసిపోవడం సహజమే.

ప్రపంచయాత్రికుడు_62
వ్యక్తిగత విమర్శలు వద్దు. నేను 1998లో మొదటిసారి యూరప్ వెళ్ళినప్పుడు మీలో చాలామంది స్కూల్లో ఉండి ఉంటారు.

లెక్కల_మాస్టారు
టికెట్ గొడవ తర్వాత చూసుకోండి. అసలు డబ్బు పోయేది కరెన్సీ దగ్గర. అక్కడ యూరో కాదు, కొరూనా. పాత ఊరి మధ్యలో ఒక డబ్బు మార్చే దుకాణం, పేరెందుకు లెండి, బయట "0 శాతం కమీషన్" అని పెద్ద బోర్డు. 300 యూరోలు ఇచ్చాను. కమీషన్ నిజంగానే సున్నా, రేటులో మాత్రం చర్మం ఒలిచాడు. రూముకెళ్ళి లెక్కేసుకుంటే చాలా తక్కువ ఇచ్చాడని తేలింది. హోటల్ కుర్రాడు చెప్పాడు, 2019 నుంచి అక్కడ చట్టం ఉందట, 1000 యూరోల లోపు మార్చుకుంటే మూడు గంటల్లోగా రసీదుతో వెళ్ళి లావాదేవీ రద్దు చేసుకోవచ్చని. రెండు గంటల నలభై నిమిషాలు అప్పటికే అయిపోయాయి. నా వయసులో అంత వేగంగా నడిచింది అదే ఆఖరు. ఇచ్చాడండీ, మొహం మాడ్చుకుని లెక్కపెట్టి ఇచ్చాడు. రసీదు పారేయకండి.
ఏటీఎంలో కూడా "మీ కరెన్సీలోకి మార్చి చూపించమంటారా" అని అడుగుతుంది. వద్దు అని నొక్కాలి. ఆ "వద్దు" కనపడకుండా చిన్న అక్షరాల్లో పెడతారు.

ఆవకాయ_అన్నం
అక్కా, తిండి సంగతి ఎవరూ చెప్పట్లేదు. అత్తయ్యగారికి "బెజ్ మసా" అంటే మాంసం లేకుండా అని, ఇది కాగితం మీద రాసి ఇవ్వండి. అలా అన్నా సూపులు వద్దు, కూరగాయల సూప్ అని రాసినా చాలాచోట్ల ఎముకల నీళ్ళతోనే కాస్తారు. వేయించిన చీజ్ ఒకటి దొరుకుతుంది, స్మాజెనీ సీర్, బంగాళాదుంపలతో ఇస్తారు. మొదటి రోజు బాగుంటుంది, మూడో రోజు దాన్ని చూస్తే ఏడుపొస్తుంది. మేము చిన్న రైస్ కుక్కర్ పట్టుకెళ్ళాం. పొద్దున్నే అన్నం, ఆవకాయ, పెరుగు అక్కడే కొట్లో కొన్నాం. నెయ్యి, పాలకోవా లాంటివి మాత్రం పెట్టెలో పెట్టకండి, బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం ఈయూలోకి రానివ్వరు.

ప్రపంచయాత్రికుడు_62
అక్కడిదాకా వెళ్ళి కూడా పప్పన్నమేనా? ఇలాంటివాళ్ళ వల్లే మనవాళ్ళకి చెడ్డపేరు. హోటల్ గదిలో కుక్కర్ పెట్టడం తప్పు. స్థానిక ఆహారం తినాలి. అక్కడి సంప్రదాయ వంటకం ట్రడెల్నిక్, కడ్డీకి చుట్టి కాల్చే తీపి రొట్టె, ఎంత బాగుంటుందో.

వల్తవా_గట్టు
సార్, అది ఇక్కడి సంప్రదాయం కాదు. టూరిస్టుల వీధుల్లో మాత్రమే కనిపిస్తుంది, మా ఆఫీసులో చెక్ వాళ్ళు ఒక్కరు కూడా కొనుక్కోగా నేను చూడలేదు. లోపల ఐస్‌క్రీమ్ వేసి ఇవ్వడమైతే ఫొటోల కోసం.

ఆవకాయ_అన్నం
64 ఏళ్ళావిడ బీపీ మాత్ర వేసుకుని ట్రడెల్నిక్ తినాలా సార్? కుక్కర్ గదిలో పెట్టొద్దంటే వంటగది ఉన్న ఫ్లాట్ తీసుకోమని చెప్పండి, అది సలహా. మీరు చెప్పింది తిట్టు.

ఓరుగల్లు_పోరడు
గొడవ ఆపుర్రి. అక్కా నేను డ్రెస్డెన్‌ల చదువుకుంటున్న, మా ఊరికి రండి. ప్రాగ్ మెయిన్ స్టేషన్ నుంచి రైలుకు రెండుంపావు గంటలు, సగం దారి నది పక్కనే పోతది, ఎడమ పక్క కుడి పక్క రెండూ మస్తుగుంటయ్. చెక్‌ల లాబె అంటరు, మా దిక్కు ఎల్బె, నది ఒక్కటే. సింగిల్ ఎంట్రీ అయినా ఏం గాదు, రెండూ షెంగెన్ లోపలే, ఒక్కటే వీసా నడుస్తది. కానీ పాస్‌పోర్టులు హోటల్‌ల పెట్టి రావద్దు!! బార్డర్ దగ్గర జర్మన్ పోలీసులు రైలెక్కి చూస్తున్నరు. మా చిన్నాన్న గాళ్ళు వచ్చినప్పుడు ఫోన్‌ల ఫోటో చూపిచ్చిండ్రు, గంటసేపు నాకు ఫోన్ల మీద ఫోన్లు. ఓపిక ఉంటే బాస్టై చూడండి, ఎల్బె పక్కన 194 మీటర్ల ఎత్తు రాతి కొండలు, వాటి నడుమ రాతి వంతెన, లోకల్ రైలు దిగి పడవల నది దాటి ఎక్కుడే.

మల్లెపందిరి
తమ్ముడూ, మోకాళ్ళు అని మొదటి మూడు లైన్లలోనే రాశాను.

ఓరుగల్లు_పోరడు
అరె సారీ అక్కా. అయితే బాస్టై వద్దు. ఊర్ల తిరుగుడంత చదునే, ట్రాములున్నయ్.

కాకినాడ_కాజా
కుత్నా హోరా అన్నారు కదా, అది ఎముకల గుడి ఉన్న ఊరు. అత్తయ్యగారికి ముందే చెప్పారా? సెడ్లెట్స్ అని, చిన్న చర్చి కింద 40 వేల మందికి పైగా మనుషుల ఎముకలు. మహమ్మారిలో, యుద్ధాల్లో పోయినవాళ్ళవి. 1870లో ఒకాయన వాటినే దండలుగా, గోపురాలుగా పేర్చాడు. మధ్యలో షాండిలియర్, మనిషి ఒంట్లో ఉండే ప్రతి రకం ఎముకా అందులో ఒక్కటైనా ఉందంటారు. మా అమ్మ చూసి కళ్ళు మూసుకుని బయటికి వచ్చేసింది. తిరుగు రైల్లో గంట ఒక్క మాట లేదు. హోటల్‌కి రాగానే తలస్నానం, కట్టుకున్న చీర ఉతుకు, ఆ తర్వాతే కాఫీ. మా నాన్న కూడా చేయాల్సి వచ్చింది, ఆయన కమ్యూనిస్టు.

ఆవకాయ_అన్నం
చేయరా మరి? శ్మశానంలోకి వెళ్ళి రావడమే కదా.

లెక్కల_మాస్టారు
అది చర్చి అండి. అక్కడ ప్రార్థనలు చేస్తారు. మైల ఏమిటి? మ్యూజియంలో మమ్మీని చూసొస్తే స్నానం చేస్తామా?

ఆవకాయ_అన్నం
మా ఇంట్లో చేస్తాం.

ప్రపంచయాత్రికుడు_62
నేను ఈజిప్టులో చేయలేదు.

మల్లెపందిరి
అండీ, దండం పెడతాను, పాస్ సంగతి ఎవరైనా చెప్తారా? రెండు రోజులైంది నేను అడిగి. ప్రాగ్ కోట ఎక్కడం ఎలాగో కూడా చెప్పండి.

వల్తవా_గట్టు
చెప్తాను. 72 గంటల పాస్ ఒకటి తీసుకోండి, కానీ ఎయిర్‌పోర్ట్‌లో కొట్టకండి. వచ్చిన రోజు సాయంత్రం హోటల్‌కి చేరడం తప్ప వేరే పనేమీ ఉండదు, 90 నిమిషాల టికెట్ చాలు. 59 నంబర్ ట్రాలీబస్ ఎక్కితే వెలెస్లావీన్ దగ్గర దింపుతుంది, అక్కడ మెట్రో ఎ లైన్, ముజెయం స్టేషన్‌లో సి లైన్‌కి మారితే తర్వాతి స్టాపే మీది. పెట్టెలు ఎక్కువుంటే ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్ బస్సులో మెయిన్ స్టేషన్‌కి రండి, అక్కడి నుంచి సి లైన్‌లో రెండు స్టాపులు. పాస్ మర్నాడు పొద్దున మొదలుపెడితే మీ తిరుగుడంతా అందులో పడిపోతుంది. అది ప్రాగ్ పొలిమేర వరకే. కుత్నా హోరాకి, డ్రెస్డెన్‌కి రైలు టికెట్ విడిగా కొనాలి. మీ అత్తగారు ఒక ఏడాది తొందరపడ్డారు, మా అమ్మ 67 ఏళ్ళప్పుడు వచ్చినప్పుడు పాస్‌పోర్ట్ చూపిస్తే ఊళ్ళో మెట్రో, ట్రామ్, బస్సు అన్నీ ఉచితమే, 65 దాటితే అలా.
కోట సంగతి. అందరూ మలోస్ట్రాన్స్కాలో దిగి మెట్లెక్కి ఆయాసపడతారు. మీరు హోటల్ ముందే 22 నంబర్ ట్రామ్ ఎక్కండి, అది మీ స్టేషన్ దగ్గరే ఆగుతుంది. కోట స్టాప్ వచ్చినా దిగకండి, ఇంకా పైన పోహోర్జెలెట్స్‌లో దిగండి. అక్కడి నుంచి కోటకి దారంతా దిగువకే. చూడటం అయ్యాక అలాగే కిందికి నడుస్తూ నది దగ్గరకి వచ్చేయొచ్చు, ఒక్క మెట్టు ఎక్కక్కర్లేదు. రాళ్ళు పరిచిన వీధులు, చెప్పులు వద్దు, బూట్లు వేయించండి. ట్రామ్‌లో పర్సు ముందు జేబులో పెట్టుకోమని మీవారికి చెప్పండి, 22లో జేబులు కొట్టేవాళ్ళు టూరిస్టులకంటే ముందే ఎక్కి కూర్చుంటారు. మెట్రో ఎస్కలేటర్లు మనవాటికంటే వేగం. మీ పక్క స్టేషన్ నామ్యెస్తీ మీరులోదైతే 87 మీటర్ల పొడవు, కింద చూస్తే కళ్ళు తిరుగుతాయి. ఆవిడ చెయ్యి పట్టుకోండి, అటు మీరు, ఇటు మీవారు కాదు, ఎడమ పక్క పోయేవాళ్ళకి వదలాలి.
కార్ల్‌స్టైన్ వదిలేయండి. రైలు 40 నిమిషాలే, దిగాక ఎక్కుడే ఎక్కుడు. సోమవారం పెట్టుకుంటే తలుపులు కూడా మూసి ఉంటాయి. క్రుమ్లోవ్ చాలా అందమైన ఊరు, కానీ బస్సులో పోను మూడు గంటలు, రాను మూడు గంటలు. ఆ ఊళ్ళో ఒక రాత్రి పడుకునేవాళ్ళకైతే సరే.

ప్రపంచయాత్రికుడు_62
క్రుమ్లోవ్ నేను ఒక్క పూటలో చూశాను.

కాకినాడ_కాజా
చూశారు లెండి సార్.

మల్లెపందిరి
గట్టు గారూ, మీ మెసేజ్ ప్రింట్ తీసి మావారి పాస్‌పోర్ట్‌లో పెట్టాను. ఇక్కడ జరిగిందంతా నిన్న రాత్రి అత్తయ్యగారికి చదివి వినిపించాను. రెండు గుద్దుల టికెట్ దగ్గర నవ్వి నవ్వి దగ్గొచ్చింది ఆవిడకి. తర్వాత చాలాసేపు మాట్లాడలేదు, ఎముకల దగ్గర భయపడ్డారేమో అనుకున్నాను. పొద్దున లేస్తూనే "మొదటి రోజు ఆ ఎముకల గుడే పెట్టు, స్నానం సంగతి నేను చూసుకుంటా" అన్నారు. కాబట్టి కుత్నా హోరా ఖాయం. డ్రెస్డెన్ రెండోది. తమ్ముడూ, నీకేమైనా ఇంటి నుంచి తేవాలా?

ఓరుగల్లు_పోరడు
అక్కా సకినాలు!! దొరికితే రెండు ప్యాకెట్లు. నెయ్యి లేనివి 🙏

వల్తవా_గట్టు
ఒక మాట మర్చిపోయాను. ఎముకల గుడి టికెట్ తలుపు దగ్గర అమ్మరు, పక్క వీధిలో సమాచార కేంద్రంలో కొనుక్కుని రావాలి. ముందే కొనేయండి, లేకపోతే ఆవిడకి ఆ దూరం రెండుసార్లు నడక. లోపల ఫొటోలు కూడా తీయనివ్వరు.

ఆవకాయ_అన్నం
ఫొటోలు లేకపోవడమే మంచిదయ్యింది.

ప్రపంచయాత్రికుడు_62
ఆవకాయ అన్నం గారూ, మీరు తీసుకెళ్ళిన కుక్కర్ ఎంత సైజుది? డిసెంబరులో మా శ్రీమతితో వెళ్తున్నాను.