బ్రూజ్‌లో కొలీగ్ వాళ్లింట్లో దిగాలా, హోటల్ తీసుకోవాలా? (అమ్మానాన్నలతో)

లూవెన్_అబ్బాయి:
నేను బెల్జియంలోని లూవెన్‌లో ఉద్యోగం చేస్తున్నాను. వచ్చే నెల కాకినాడ నుంచి అమ్మ, నాన్న వస్తున్నారు, బ్రూజ్ చూపిద్దామనుకుంటున్నాం. మా ఆఫీసులో ఒక ఫ్లెమిష్ (ఇక్కడ డచ్ మాట్లాడేవాళ్లు) కొలీగ్ ఉంది. వాళ్ల అమ్మానాన్నల ఇల్లు బ్రూజ్ పాత ఊళ్లోనే. "హోటల్ ఎందుకు, రెండు రాత్రులు మావాళ్ల దగ్గర ఉండండి, పై గదులు ఖాళీగానే ఉన్నాయి" అని తనే పిలిచింది. నాన్న ఇప్పటికే బట్టలు సర్దేశారు. అమ్మేమో "ముక్కూ మొహం తెలియని వాళ్లింట్లో ఎలారా" అంటోంది. పైగా ఆవిడ గుడ్డు కూడా ముట్టదు. మా ఆవిడ ఓటు పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేయడానికి, రైల్లో గంటన్నరే కదా అని. మీరేమంటారు?

గోదారిగట్టు:
ఒక్కరోజులో వెళ్లి వచ్చేయడం మాత్రం వద్దండి. అందరూ చేసేది అదే. పగలంతా ఊరి నడిబొడ్డున ఉన్న మార్క్ట్ చౌరస్తాలో కాలు పెట్టే చోటుండదు. జీబ్రుగ్గె రేవులో ఓడ దిగినవాళ్లు, బ్రస్సెల్స్ నుంచి బస్సుల్లో వచ్చినవాళ్లు, అందరూ ఒకేసారి అక్కడే. సాయంత్రానికి వాళ్లంతా వెళ్లిపోతారు. అప్పుడు కాలువ పక్కన నడిస్తే గంటల గోపురం మోత తప్ప ఏమీ వినపడదు. అందులో 47 గంటలున్నాయి, పావుగంటకోసారి మోగుతాయి.

ఇక ఇంటివాళ్లతో ఉంటే దొరికేది వేరు. పాతకాలంలో డబ్బున్నవాళ్లు, వృత్తిసంఘాలు ముసలివాళ్ల కోసం కట్టించిన చిన్న చిన్న సున్నం గోడల ఇళ్లున్నాయి, వాటి మధ్యలో తోట. ఇప్పటికీ వృద్ధులు వాటిలో కాపురముంటున్నారు. వీధిలోంచి చూస్తే మామూలు తలుపే. తోసి లోపలికి వెళ్లొచ్చని ఆ ఊరివాళ్లు చెబితే తప్ప మనకు తోచదు. సింట్-అన్న పేట వైపు పాత కోటగట్టు మీద గాలిమరలున్నాయి. 1770 నాటి మర ఒకటి ఇప్పటికీ పిండి ఆడుతుంది. ఒక్కరోజులో తిరిగొచ్చేవాళ్లలో అటు వెళ్లేది బహుతక్కువ.

వంకాయకూర:
గోదారిగట్టు గారూ, మీరు చెప్పినవన్నీ హోటల్లో దిగి కూడా చూడొచ్చు. మీరెవరూ మెట్ల సంగతి ఎత్తరేం? పాత ఊళ్లో ఇళ్లు సన్నగా, నిలువుగా ఉంటాయి. మెట్టు మీద అరికాలు పూర్తిగా ఆనదు, ఒక పక్కే కమ్మీ. చాలా ఇళ్లలో టాయిలెట్ కింద, పడగ్గది పైన. అర్ధరాత్రి కాకినాడ పెద్దావిడ చీకట్లో ఆ మెట్లు దిగాలి. దిగితే అక్కడ చెంబుండదు. చెయ్యి కడుక్కోవడానికి దోసెడంత బేసిన్, అందులో చన్నీళ్లు, ఎదురుగా గోడకి ఇంటిల్లిపాది పుట్టినరోజుల క్యాలెండర్. సరదాగానే ఉంటుంది, మోకాళ్లు బాగుంటే.

తిండి సంగతి ఇంకోటి. వాళ్లు వేడిగా వండుకునేది రోజుకి ఒక్కపూటే. రెండోపూట బ్రెడ్డు, చీజు. ఆరింటికల్లా భోజనం ముగించేస్తారు. మనవాళ్లకి అప్పటికి టీ తాగిన గుర్తు కూడా పోదు.

నాలుగో_ప్లాట్‌ఫామ్:
శాకాహారులకి ఇంకో హెచ్చరిక. బెల్జియం ఫ్రైస్ బంగాళాదుంపే కదా అని తినేయకండి. చాలా ఫ్రైస్ దుకాణాల్లో సంప్రదాయంగా ఎద్దు కొవ్వులోనే వేయిస్తారు. అడిగితే దాచరు, ఉన్నదున్నట్టు చెబుతారు. కొన్నిచోట్ల నూనెలో వేయించేవీ ఉన్నాయి. అమ్మగారి కోసమే అయితే బ్రూజ్ బదులు ఘెంట్ నగరానికి వెళ్లండి అంటాను. 2009లో గురువారం శాకాహారం అనే పద్ధతి అక్కడ నగరపాలక సంస్థ మద్దతుతోనే మొదలైంది. అక్కడ మాంసం లేని భోజనం అడిగితే ఎవరూ వింతగా చూడరు. సెయింట్ బావో కెథెడ్రల్‌లో చిత్రకారులు వాన్ ఐక్ అన్నదమ్ములు 1432లో పూర్తిచేసిన బలిపీఠం చిత్రాలున్నాయి. అందులో ఒక పలక 1934లో దొంగతనమైంది, ఇంతవరకూ దొరకలేదు, ఆ చోట నకలు పెట్టారు. నాన్నగారికి ఈ కథ చెప్పి చూడండి, బ్రూజ్ మర్చిపోతారు.

గోదారిగట్టు:
ఘెంట్ బాగుంటుంది, కాదనను. కానీ అడిగింది బ్రూజ్ గురించి, పిలిచింది బ్రూజ్ వాళ్లు. వంకాయకూర గారూ, మెట్ల సంగతి ఒప్పుకుంటాను. తిండి సంగతి ఒప్పుకోను. వాళ్లకి ముందే చెబితే చాలు. వాళ్లకి నచ్చనిది చివరి నిమిషంలో చెప్పడమే.

ఇటుకగోడ:
ఒక విషయం ఎవరూ అనలేదు. పాత ఊరి లోపల నిజంగా కాపురముంటున్నది సుమారు 20 వేల మందే. ఇళ్లన్నీ టూరిస్టుల అద్దెకి పోకూడదనే అక్కడ కొత్త హాలిడే హోమ్‌లకి అనుమతి ఆపేశారు, కొత్త హోటళ్లకీ అంతే. కాబట్టి యజమాని లేని ఇల్లు మొత్తం అద్దెకు తీసుకుని "స్థానికుల్లా ఉన్నాం" అని ఫొటోలు పెట్టడం నాకు నచ్చదు. మీది అది కాదు. వాళ్లు అక్కడే ఉంటారు, మనసారా పిలిచారు. డబ్బులిస్తామని మాత్రం అనకండి, చిన్నబుచ్చుకుంటారు. చాక్లెట్లు తీసుకెళ్లడం కాకినాడ వాళ్లకి కాజాలు పట్టుకెళ్లినట్టే. ఆ కాజాలే అమ్మగారితో తెప్పించండి.

వంకాయకూర:
కాజాలివ్వండి, కాఫీ తాగండి, మధ్యాహ్నం మూడింటికి వాళ్లింట్లో కేకు కూడా తినండి (అమ్మగారు తినరు, అందులో గుడ్డుంటుంది). పడుకోవడం మాత్రం లిఫ్టున్న హోటల్లో. పరిచయానికి రెండుమూడు గంటలు చాలు. పొద్దున ఎవరు ముందు స్నానం చేయాలన్న టెన్షన్ ఇద్దరికీ ఎందుకు?

గోదారిగట్టు:
అదేనండీ తేడా. మూడింటికి వెళ్తే మీరు అతిథి, వాళ్లు మంచి కప్పులు తీస్తారు. పొద్దున లుంగీలో మీ నాన్నగారు, డ్రెస్సింగ్ గౌనులో కొలీగ్ వాళ్ల నాన్నగారు, ఇద్దరికీ భాష రాకుండా చెత్తడబ్బాలు కలిసి బయట పెడితే ఆ స్నేహం వేరు.

లూవెన్_అబ్బాయి:
కొలీగ్‌ని అడిగాను. కింద సోఫా-బెడ్ ఉన్న గది ఒకటుందట, టాయిలెట్ పక్కనే. "మీ అమ్మగారు వంటింట్లో ఏం కావాలన్నా వండుకోవచ్చు, మా అమ్మ చూసి నేర్చుకుంటుందట" అంది. ఇది చెప్పగానే అమ్మ చింతపండు, ఇంగువ సర్దడం మొదలుపెట్టింది. ఇంగువ వాసన గురించి ముందే చెప్పనా, వద్దా?

ఇటుకగోడ:
చెప్పండి. కిటికీ కూడా తీసిపెట్టమనండి.