వృద్ధాప్య పింఛనును హక్కుగా అడగవచ్చునా?

ప్రశ్న:
మా పెద్దమ్మగారి వృద్ధాప్య పింఛను మూడు నెలలుగా ఆగిపోయింది. కారణం అడిగితే, అది ప్రభుత్వం దయతలచి ఇచ్చేదే తప్ప మీ హక్కు కాదని చెప్పి పంపించారు. డబ్బు ఆగినదానికన్నా ఆ మాటే ఆమెను ఎక్కువ బాధపెట్టింది. రాజ్యాంగంలోని 41వ అధికరణ నిరుద్యోగం, వృద్ధాప్యం, అనారోగ్యం, అంగవైకల్యం సంభవించినప్పుడు ప్రభుత్వ సహాయం పొందే హక్కు గురించి చెబుతోంది. అయితే ఇది ఆదేశిక సూత్రాల్లో, అంటే పాలనలో ప్రభుత్వం పాటించవలసినవిగా రాజ్యాంగం చెప్పిన మార్గదర్శకాల్లో ఒకటి. వాటిని ఏ న్యాయస్థానమూ అమలుపరచజాలదని 37వ అధికరణ అంటోంది. కోర్టులో అడగలేనిదాన్ని హక్కు అనడంలో అర్థం ఏమిటి?

మొదటి సమాధానం:
37వ అధికరణను చాలామంది సగం చదివి వదిలేస్తారు. ఆ సూత్రాలు దేశ పరిపాలనకు మౌలికమైనవనీ, చట్టాలు చేసేటప్పుడు వాటిని వర్తింపజేయడం రాజ్యం విధి అనీ అదే వాక్యం చెబుతోంది. విధి అన్న చోట దయకు తావు లేదు. వీటిని ఉల్లంఘించినవారు న్యాయస్థానంలో జవాబు చెప్పనక్కరలేకపోవచ్చు గాని, ఎన్నికలప్పుడు ఓటర్ల ముందు తప్పక చెప్పవలసి వస్తుందని 1948 నవంబరులో రాజ్యాంగ సభలో అంబేద్కర్ అన్నారు.

రెండవ సమాధానం:
ఓటరుకు జవాబు చెప్పడం అయిదేళ్లకొకసారి జరిగే పని. ఆకలి అంతవరకు ఆగదు. అందుకే, ఈ సూత్రాలు కాలక్రమంలో హక్కులుగా ఎలా మారాయన్నదే నా దృష్టిలో అసలు విషయం. ఒక మార్గం చట్టం. చదువు ఆదేశిక సూత్రంగా మొదలై, దాన్ని హక్కుగా గుర్తించిన 1993 నాటి సుప్రీంకోర్టు ఉన్నికృష్ణన్ తీర్పు తరువాత, 2002లో 86వ సవరణతో 21ఏ అధికరణగా ప్రాథమిక హక్కుల్లో చేరింది. ఆహార భద్రత 2013లో చట్టమైంది. రెండవ మార్గం, జీవించే హక్కును చెప్పే 21వ అధికరణకు కోర్టులు ఇచ్చిన విస్తృతార్థం. రైలు నుంచి పడి తలకు దెబ్బ తగిలిన ఒక కూలీని పడకలు లేవంటూ ప్రభుత్వ ఆసుపత్రులు ఒకదాని తరువాత ఒకటి తిప్పి పంపిన కేసులో, సకాలంలో వైద్యం అందించకపోవడం ఆ అధికరణను ఉల్లంఘించడమేననీ, నిధుల కొరతను సాకుగా చూపరాదనీ సుప్రీంకోర్టు 1996లో తేల్చి చెప్పింది.

మూడవ సమాధానం:
ఇదంతా నిజమే అయినా, 41వ అధికరణలోనే "ఆర్థిక సామర్థ్యపు పరిమితుల మేరకు" అన్న నియమం ఉందని మరువరాదు. పింఛను ఎంత ఉండాలో, ఎవరికి ఇవ్వాలో చాలావరకు ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. ఆ మొత్తాన్ని పెంచమని కోర్టును ఆశ్రయిస్తే ఫలితం ఉంటుందని నేను అనుకోను. ఉన్న పింఛనును ఆపివేయడం మాత్రం వేరే విషయం. పథకం కేవలం జీవో మీద నడుస్తున్నా సరే, అర్హత ఉన్న మనిషికి నోటీసు ఇవ్వకుండా, కారణం చెప్పకుండా, ఆమె మాట వినకుండా ఆపడం సహజ న్యాయ సూత్రాలకూ, చట్టం ముందు అందరూ సమానమనే 14వ అధికరణకూ విరుద్ధం. కాబట్టి ముందుగా ఆపిన ఉత్తర్వు ప్రతిని, కారణాన్ని రాతపూర్వకంగా కోరండి. సమాచార హక్కు చట్టం కింద కూడా అడగవచ్చు. అప్పటికీ జవాబు రాకపోతే, 226వ అధికరణ కింద హైకోర్టులో రిట్ (అధికారులను ఆదేశించమని కోరే పిటిషన్) వేయవచ్చు. వృద్ధురాలికి ఫీజు భారం అవుతుందనుకుంటే, స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం 1987 నాటి చట్టంలోనే ఉంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థను సంప్రదించండి.

ప్రశ్న వేసినవారు:
నోటీసు ఏదీ రాలేదు. రేపే ఆమె పేరుతో దరఖాస్తు రాసి ఇస్తాను, అందులో "దయచేసి" అన్న మాట మర్యాద కోసమే తప్ప యాచనగా ఉండదు.