తెలుగు మీడియమోళ్లు ముందు గ్రామీణ బ్యాంకుకా, నేరుగా పీఓకా?

నర్సంపేట_బీకాం:
అన్నలూ, అక్కలూ, బీకాం అయిపోయింది. పదో తరగతి దాకా తెలుగు మీడియమే. హన్మకొండల రూం తీసుకొని చదువుతున్న. మా రూంమేట్ ఐబీపీఎస్ పీఓ (సర్కారు బ్యాంకులల్ల ఆఫీసర్ పోస్టు పరీక్ష) తప్ప వేరేవన్నీ టైం వేస్ట్ అంటడు. నాకేమో ఇంగ్లిష్ అంటేనే గుబులు. గ్రామీణ బ్యాంకు ఆఫీసర్ స్కేల్-1 ప్రిలిమ్స్ (మొదటి దశ పరీక్ష) తెలుగుల రాయొచ్చు, ఇంగ్లిష్ పేపరే ఉండదు. ముందు దాని మీద కూసుంటే తప్పా?

కాజీపేట_జంక్షన్:
తప్పేముంది తమ్మీ! పీఓ ప్రిలిమ్స్‌ల ఇంగ్లిష్ 30 ప్రశ్నలకు 20 నిమిషాలు. అవి అయిపోంగనే ఆ సెక్షన్ బంద్. లెక్కలల్ల ఎంత తోపువైనా అక్కడ మిగిలిన టైం ఇటు తెచ్చుకోరాదు. ఇంగ్లిష్ కటాఫ్ దాటలేదంటే ఇంటికే. గ్రామీణ బ్యాంకుకు రీజనింగ్ 40, లెక్కలు 40, అన్నీ 45 నిమిషాలల్ల. పైగా పోస్టింగ్ తెలంగాణలనే.

లెక్కల_అక్క:
జంక్షన్ తమ్ముడు గ్రామీణ బ్యాంకు మెయిన్స్ (రెండో దశ పరీక్ష) సంగతి దాటేసిండు. అక్కడ 40 మార్కులకు ఇంగ్లిషో హిందీయో రాయాల్సిందే. ప్రిలిమ్స్ మార్కులు ఫైనల్ మెరిట్‌ల కలవనే కలవవు. ప్రిలిమ్స్ రిజల్ట్ వచ్చినంక గ్రామర్ పుస్తకం తెరిచేటోళ్లను మా రీడింగ్ రూంల ప్రతిసారి చూస్త. అప్పటికి మెయిన్స్ నెత్తి మీదికొస్తది.

ఇగ తెలుగుల రాస్తే అల్కగ అయితదనుకునుడు గూడ తప్పే. రీజనింగ్ పజిల్ చూడు: "ఎడమ చివర నుండి మూడవ స్థానంలో కూర్చున్న వ్యక్తికి వెంటనే కుడి ప్రక్కన ఉన్న వ్యక్తి..." ఇది రెండుసార్లు చదివితే గాని బొమ్మ గీయలేం. లెక్కలకైతే భాషతోని పనే లేదు. 640ల 12.5 శాతం అంటే ఎనిమిదో వంతు, 80. ఏ మీడియమైతేంది?

కాజీపేట_జంక్షన్:
అక్కా, మెయిన్స్ మాట ఒప్పుకుంట, పజిల్ మాట ఒప్పుకోను. మనోళ్లు మాక్‌లన్నీ (నమూనా పరీక్షలు) ఇంగ్లిష్‌ల రాసి, పరీక్షకు మాత్రం తెలుగు పెట్టుకుంటరు. తడబడక ఏమైతరు? తెలుగుల రాసేటోడు మాక్ కూడ తెలుగులనే రాయాలె.

భీమారం_నైట్‌షిఫ్ట్:
పోస్టింగ్ తెలంగాణలనే అంటే ఊరి పక్కనే అనుకునేరు. 2025 జనవరి 1న ఏపీజీవీబీ (ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు) తెలంగాణ బ్రాంచీలన్నీ తెలంగాణ గ్రామీణ బ్యాంకుల కలిసినయ్. ఇప్పుడు ఆదిలాబాద్ నుంచి ఖమ్మం దాకా ఒకటే బ్యాంకు. ఆసిఫాబాద్‌ల ఏసినా పోవాల్సిందే. అయినా పీఓ వచ్చి భాష రాని రాష్ట్రంల పడేకన్న నయమే, కాదనను.

నర్సంపేట_బీకాం:
అక్కా, మరి మెయిన్స్‌ల హిందీ పెట్టుకుంటే? పదోతరగతిల హిందీ మంచిగనే వచ్చింది.

లెక్కల_అక్క:
పది హిందీతోని 40 మార్కుల పేపరా! హిందీ రాష్ట్రాలోళ్లు కూడ అదే పేపర్ రాస్తరు తమ్మీ. గ్రామీణ బ్యాంకుకే కట్టు, నేనొద్దంటలేను. కానీ రోజుకొక ప్యాసేజీ ఇయ్యాల్టి నుంచే మొదలువెట్టు. తప్పు జవాబుకు పావు మార్కు పోతది, గుడ్డిగ పెట్టే అలవాటు ఇప్పుడే మానుకో.